ఊరుకోవడం తెలియని ఇల్లు

గ్యాస్ సిలిండర్ తెచ్చిన అబ్బాయి మూడో అంతస్తుకి మోయనని కిందే వదిలేసి పోబోతుంటే, బాల్కనీలోంచి నాలుగు మాటలన్నాను. నాలుగే అనుకున్నాను గానీ ఎక్కువే అయ్యుంటాయి. ఎదురుగా ఉన్న మందుల షాపు వాళ్ళు బయటికొచ్చి చూశారు. నందిగామలో మేముండే వీధికి నా గొంతు కొత్తేమీ కాదు. మా మనవరాలు మాత్రం ఫోన్‌లోంచి తలెత్తకుండా, "చిల్ అవ్వు నానమ్మా" అంది.

అంటే ఏమిటే అని అడిగాను.

"అంటే... చల్లబడు అని. లైట్ తీసుకో అని. ప్రతిదానికీ గొడవెందుకు అని."

పిల్ల తప్పుగా ఏమీ అనలేదు. వంటింట్లోకి వెళ్ళి పప్పు కుక్కర్లో పెట్టాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. మా పుట్టింట్లో ఆ అర్థం వచ్చే మాట ఏదైనా ఉండేదా అని వెతుక్కున్నాను. 'ఊరుకో' అనే మాట ఉండేది. కానీ దాన్ని మా ఇంట్లో ఎవరితోనైనా అంటే తిట్టు కిందే లెక్క. దానికి ఎదురు మాటలు మాత్రం కావలసినన్ని. ఎగదోసేవి, పౌరుషం పొడిచేవి, చల్లారిన దాన్ని మళ్ళీ రాజేసేవి. నాకు మాటలొచ్చిందే వాటితో. ఈ వయసులో మనవరాలు చల్లబడమన్నంత మాత్రాన ఎక్కడ చల్లబడతాను.

మా ఊరు జగ్గయ్యపేట నుంచి వేదాద్రి వెళ్ళే వైపు ఉండేది. ఉండేది అంటున్నాను గానీ ఇప్పుడూ ఉంది. నేను చెప్పే ఊరు మాత్రం లేదు. మాది మిరప, పత్తి వేసే ఇల్లు. కల్లంలో మిరపకాయలు ఎండబోసిన రోజుల్లో వీధి మొదట్లో అడుగు పెడితేనే తుమ్ములు మొదలయ్యేవి. చుట్టాలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చేవాళ్ళు. మాకు ఆ ఘాటు తెలిసేది కాదు. అన్నంలోకి, బట్టల్లోకి, ఆఖరికి పక్కగుడ్డల్లోకి కూడా వచ్చేది.

ఆ ఘాటు మీద ఇంకో వాసన ఉండేది. తెల్లారేసరికి పెరట్లో రాళ్ళపొయ్యి మీద పెద్ద గుండిగలో ఉలవలు ఉడుకుతుండేవి. గుగ్గిళ్ళు ఎద్దులకి, వార్చిన కట్టు మాకు. మా అమ్మ ఆ కట్టుని చింతపండు పులుసుతో మరిగించి చిక్కటి చారు పెట్టేది. వేడన్నంలో ఆ చారు పోసుకుని పైన మీగడ వేసుకుంటే పిల్లలం మాట్లాడకుండా తినేవాళ్ళం. మా ఇంట్లో గొంతులు లేవని సమయం అదొక్కటే.

మా నాయనమ్మకి ఒక ప్రశ్న ఉండేది. ఒకసారి పక్కింటి పిల్ల పలకతో నా నెత్తి మీద కొట్టింది. బొప్పి కట్టింది. ఏడుస్తూ ఇంటికొస్తే నాయనమ్మ ఎక్కడ తగిలిందని అడగలేదు. నా గడ్డం పట్టుకుని పైకెత్తి, "ఊరుకునే వచ్చావా?" అని అడిగింది. నేను మళ్ళీ వెళ్ళాను. ఆ పిల్ల చెయ్యి రక్కి వచ్చాను. అప్పుడు వేరుశెనగ పప్పు, బెల్లం ముక్క చేతిలో పెట్టింది. పేటలో బట్టల కొట్టువాడు మాట తూలాడని నాన్న వచ్చి చెప్పినా అదే ప్రశ్న. చేలో నీళ్ళు పక్కవాళ్ళు మళ్ళించుకున్నారని పాలేరు వచ్చి చెప్పినా అదే ప్రశ్న. ఆమె మనసు చెడ్డది కాదు. ఊరుకున్న మనిషిని చూస్తే ఆమెకు భయం, అంతే. వీడికి ఇంకేం మిగిలిందని అనుకునేది.

మా తాతది ఇంకా పెద్ద వ్యవహారం. మా వైపు తిరునాళ్ళలో బండలాగుడు పందేలు పెడతారు. బలిసిన ఎద్దుల జతకి పెద్ద రాతిబండ కట్టి, ఇచ్చిన గడువులో ఎంత దూరం లాగితే అంత గొప్ప. చెర్నాకోల పట్టేవాళ్ళు, పక్కన పరిగెత్తేవాళ్ళు ఎందరున్నా, బండ వెనకాల నడుస్తూ కేక వేసే మనిషి ముఖ్యం. ఆ కేకలో మా తాతని మించినవాడు లేడు. వీరులపాడు వైపు నుంచి, ఇప్పటి సరిహద్దు దాటి తెలంగాణ వైపు నుంచి కూడా ఆయన కోసం వచ్చేవాళ్ళు. "మీరు రావాలె పెద్దాయనా. మీ కేక పడకుంటే మా జత అడుగు తియ్యదు" అని అరుగు మీద కూర్చునేవాళ్ళు. తాత వెంటనే ఒప్పుకునేవాడు కాదు. నాయనమ్మ మజ్జిగ ఇచ్చి, వాళ్ళు ఇంకోసారి బతిమాలాక కండువా దులుపుకుని లేచేవాడు. పందెం ముందు రోజంతా పటికబెల్లం, మిరియాలు బుగ్గన పెట్టుకుని మాట్లాడేవాడు కాదు. గొంతుని దాచుకునేవాడు.

ఆయన ఎద్దుని కొట్టగా నేను చూడలేదు. మాటలే. ఎవరి తిండి తిన్నావురా, ఎవరి ముంగిట్లో పుట్టావురా, పక్కవాడి జత నిన్ను చూసి నవ్వుతోంది సిగ్గు లేదా అని మనిషిని అడిగినట్టే అడిగేవాడు. ఎద్దుకి ఆ మాటలు తెలిసేవో లేదో నాకు తెలియదు. గొంతు తెలిసేది. చర్మం అదిరేది. ఆగిపోయిన జత మళ్ళీ ముందుకి ఉరికేది. ఆయన ఇంట్లో మనుషులతో మాట్లాడేటప్పుడు కూడా అదే గొంతు. మా నాన్న పెళ్ళయి పిల్లలున్న మనిషి. తాత పిలిస్తే తల వంచుకుని వచ్చేవాడు.

పిల్లలం, మాకు కూడా కేకల పిచ్చి పట్టింది. ఒక మధ్యాహ్నం పక్కింటి మేకకి మా సన్నికల్లు పొత్రం తాడుతో కట్టి, వెనకాల నడుస్తూ తాతలాగా కేకలేశాం. అది బెదిరి కల్లంలో ఎండబోసిన మిరపకాయల్లోంచి పరిగెత్తింది. పొత్రం కింద కాయలు నలిగి ఘాటు లేచింది. నాయనమ్మ దగ్గుతూ చీపురు తీసుకుని వచ్చింది. మేము గోడ దూకాం. మేక కళ్ళు తేలేసి గుండ్రంగా తిరుగుతోంది. అప్పుడు మా బాబాయి వచ్చాడు.

బాబాయి నాన్నకి తమ్ముడు. అప్పటికి పెళ్ళి కాలేదు. మా ఇంట్లో పుట్టి గొంతు లేవని మనిషి ఆయనొక్కడే. ఆయన మేకని పట్టుకోవడానికి పరిగెత్తలేదు. అక్కడే గొంతుకూర్చుని, "హో... హో... అంతేరా అయ్యా, అంతే" అన్నాడు. మళ్ళీ అన్నాడు. మేక ఆగింది. రొప్పుతూ ఆయన దగ్గరికే వచ్చింది. ఆయన తాడు విప్పి, దాని కాళ్ళు తడిమి చూసి వదిలేశాడు. మమ్మల్ని ఏమీ అనలేదు. నాయనమ్మ మాత్రం మమ్మల్ని వదిలేసి ఆయన్ని తిట్టింది. "నా కాయలు నాశనం చేసిన దాన్ని ముద్దు చేస్తన్నావేందిరా?" అని.

మా ఎద్దుల్ని చూసుకునేది కూడా బాబాయే. ఆ యేడు మా ఇంటి జత మొదటిసారి పందేనికి వయసుకొచ్చింది. తెల్లటి ఒంటి మీద మూపురం దగ్గర నల్లగా నిగనిగలాడేవి. అన్నేళ్ళు ఊళ్ళవాళ్ళ ఎద్దులకి కేకలేసిన తాత, సొంత జత వెనకాల నడవాలని ఎదురుచూశాడు. ఆ సంవత్సరం ఇంట్లో వేరే మాటే లేదు.

మా వైపు కొందరి ఇళ్ళల్లో ఒక పట్టింపు ఉండేది. పందెం ఖాయమై ఎద్దులకి తలకి నూనె పెట్టిన రోజు నుంచి, పందెం అయ్యేదాకా వాటితో ఎవరూ మెత్తగా మాట్లాడకూడదు. బాబాయి మేకతో అన్న 'హో... హో...' లాంటి ఆపే కూత అసలు నోట రాకూడదు. ఆ కూత వింటే ఎద్దుకి కాడి దించే వేళ గుర్తొస్తుందని, పందెంలో కాలు వెనక్కి తీస్తుందని నమ్మకం. అందుకని ఆ రోజుల్లో బాబాయిని కొట్టంలోకి రానిచ్చేవాళ్ళు కాదు. మేత తాతే పెట్టాడు. గుడ్లు, నువ్వుల నూనె, గుగ్గిళ్ళు దగ్గరుండి తినిపించాడు. బాబాయి కొట్టం బయట ముళ్ళకంప దగ్గర నిలబడి చూసేవాడు. ఆయన్ని చూసి చిన్నెద్దు తాడు లాగేది.

పందెం ఇంకా కొద్ది రోజులుందనగా బాబాయి భోజనాల దగ్గర తాతతో అన్నాడు. "నాన్నా, చిన్నదాని ఊపిరి బాగాలేదు. రాత్రుళ్ళు దగ్గుతంది. మేత మిగులుస్తంది. ఈ యేటికి వదిలేద్దాం."

తాత ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగాకే మాట్లాడాడు. "దానికేం లేదు. ఉన్నదల్లా నీకే. ఆడదానికన్నా మెత్తగా తయారయ్యావు."

నాయనమ్మ అందుకుంది. "ఊరంతా చెప్పుకున్నాక ఇప్పుడు వదిలేసి కూచుంటే మొహం ఎక్కడ పెట్టుకుంటార్రా?"

బాబాయి నాన్న వైపు చూశాడు. నాన్న చారు పోసుకుంటున్నాడు.

పందెం జరిగే ఊరికి నన్ను కూడా బండిలో తీసుకెళ్ళారు. ఆడపిల్లలు అటు వెళ్ళేవాళ్ళు కాదు గానీ నేను దొర్లి ఏడ్చాను. మా ఇంట్లో అలా ఏడిస్తే మెచ్చుకునేవాళ్ళు. చెరుకు ముక్క నములుతూ బండి మీద నిలబడి చూశాను. దుమ్ము, జనం, మైకు. తాడు కట్టిన బరి. మా జత వంతు వచ్చింది. నాన్న చిన్నెద్దు పక్కన, ఇంకొకాయన రెండోదాని పక్కన పరిగెత్తారు. వెనకాల తాత. ఆయన గొంతు లేవగానే జనం నోరు మూసుకున్నారు. మా ఎద్దులు అంతకుముందు లాగిన జతలన్నిటినీ దాటే ఊపు మీద పోతున్నాయి. మా ఊరివాళ్ళు తువ్వాళ్ళు ఊపుతున్నారు. నేనూ అరిచాను.

ఇంకొంచెం గడువుందనగా బాబాయి తాడు కింద నుంచి దూరి బరిలోకి వచ్చాడు. పరిగెత్తలేదు. ఎదురుగా నడిచి వచ్చాడు. చిన్నెద్దు గంగడోలు కింద చెయ్యి వేసి ఆ కూత కూశాడు. బండి దగ్గర్నుంచి నాకు వినపడలేదు గానీ ఆయన పెదాలు కదలడం చూశాను. ఎద్దులు రెండూ ఆగిపోయాయి. చిన్నెద్దు ముందు మోకాళ్ళు వంగి, మళ్ళీ నిలదొక్కుకుంది. తాత కేక ఇంకాసేపు ఒంటరిగా వినపడింది. తర్వాత అదీ ఆగింది. ఈల ఊదారు.

చీకటి పడేసరికి బండి ఇంటికి చేరింది. గుమ్మంలోనే నాయనమ్మ అడిగింది. గెలిచారా అని కాదు. విషయం మాకన్నా ముందే ఊరు చేరింది. "అంత పని చేస్తే ఊరుకునే వచ్చారా?" అని అడిగింది.

ఆ తర్వాత రోజుల్లో మా అరుగు ఖాళీగా లేదు. ఓదార్చడానికి వచ్చామనేవాళ్ళు. వాళ్ళ ఓదార్పు ఎలా ఉండేదంటే, "మీ అంతటోళ్ళకి కన్నకొడుకు ఇట్టా చేస్తాడని ఎవరనుకుంటారండీ" అని ఒకరు. "నా కొడుకైతేనా, ఇంట్లోకి రానిచ్చేవాణ్ణా" అని ఇంకొకరు. అవతలి జతవాళ్ళతో ముందే మాట్లాడుకున్నాడేమో కనుక్కోండి అని మూడో మనిషి మెల్లిగా చెప్పి వెళ్ళాడు. వచ్చినవాళ్ళకి అమ్మ కాఫీలు పెట్టి పెట్టి అలిసిపోయింది. తాత అందరి మాటలూ విన్నాడు. అంతకాలం ఆయన ఎద్దుల మీద వాడిన విద్యని ఇప్పుడు ఊరు ఆయన మీద వాడుతోంది. అది ఆయనకి తెలియలేదు. ఆయన కూడా ముందుకి ఉరికాడు.

ఒక సాయంత్రం వాకిట్లో నలుగురి ముందు బాబాయిని నిలబెట్టాడు. "ఎందుకు ఆపావురా?"

"దానికి ముక్కులోంచి రక్తం వచ్చింది నాన్నా. ఇంకొంచెం లాగితే పడిపోయేది."

"ఎవరు చూశారు?"

"నేను చూశా."

"నువ్వు తాడు అవతల ఉన్నావు. పక్కనే ఉన్నోణ్ణి అడుగుదాం." తాత నాన్న వైపు తిరిగాడు. "నువ్వు దాని పక్కనే ఉన్నావు. చెప్పు. రక్తం వచ్చిందా?"

అమ్మ గుమ్మంలో ఆగిపోయింది. నేను ఆమె చీర పట్టుకుని ఉన్నాను. నాన్న నేల చూశాడు. ఆయన ఏం చెప్పినా ఇంట్లో ఒక కొడుకు పోతాడు. అది అప్పుడు నాకు తెలియదు.

"నేను చూళ్ళేదు నాన్నా" అన్నాడు నాన్న.

బాబాయి అన్న మొహంలోకి చాలాసేపు చూశాడు. ఏదో అంటాడనుకున్నాను. "ఊరుకున్నాడు చూడండి. నిజమైతే ఊరుకుంటాడా?" అంది నాయనమ్మ వచ్చినవాళ్ళతో. మర్నాడు పొద్దున్నే బాబాయి ఒక చేతిసంచి తీసుకుని వెళ్ళిపోయాడు. ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాల ఎగుమతి పనిలో చేరాడని తర్వాత తెలిసింది. మా ఊరికి అదేమంత దూరం కాదు. పేట సంతలో ఎప్పుడైనా కనపడేవాడు. కనుబొమల మీద, చెవుల మీద సిమెంటు పొడి ఉండేది. నాకు పకోడీ పొట్లం కొనిచ్చి, అమ్మ బాగుందా అని అడిగేవాడు. ఇంటికి రమ్మంటే నవ్వేవాడు. ఆయన అక్కడే పెళ్ళి చేసుకున్నాడు. మాకు కబురు రాలేదు.

ఇక ఆ ఎద్దు బతికింది. ఆపేశారు కాబట్టి బతికింది. నెల రోజులు మేపాక దగ్గు పోయింది. పందేనికి మళ్ళీ కట్టలేదు గానీ నాగలికి, బండికి ఏళ్ళ తరబడి పనిచేసింది. అదే బాబాయికి శాపమైంది. అది చచ్చిపోయుంటే బాబాయి చెప్పింది నిజమని అందరూ ఒప్పుకునేవాళ్ళు. అది సాలు దున్నుకుంటూ పోతుంటే తాత గట్టు మీద నిలబడి దారిన పోయేవాళ్ళని పిలిచి మరీ చూపించేవాడు. "చూడండి. దీనికి రోగమంట. రక్తమంట." నాగలి పట్టుకుని నడిచేది మా నాన్న. ప్రతి తొలకరికీ ఆ మాట విన్నాడు. ప్రతిసారీ తల వంచుకుని సాలు మీదే చూపు పెట్టాడు. నేను అన్నం క్యారేజీ తీసుకెళ్ళి గట్టు మీద కూర్చుని చూసేదాన్ని. నాన్న తాతకి భయపడుతున్నాడనే అనుకున్నాను.

తాత పోయాడు. శవం లేచేముందు బాబాయి వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. నాయనమ్మ పోయింది. ట్రాక్టర్లు వచ్చాయి. మా కొట్టంలో ఎరువు బస్తాలు పెట్టారు. ఉలవచారు ఇప్పుడు హోటల్లో చిన్న గిన్నెలో పోసి ఇస్తున్నారు. నేను పెళ్ళయి నందిగామ వచ్చాను. మా ఆయన మెత్తటి మనిషి. ఆయన్ని జీవితమంతా ఎగదోస్తూనే ఉన్నాను. పాపం భరించాడు.

నాన్న పోయింది మొన్నమొన్ననే అనిపిస్తుంది. పెద్దకర్మ నాటికి బాబాయి వచ్చాడు. బాగా ముసలివాడయ్యాడు. దుమ్ము పీల్చి పీల్చి ఆయనకే ఇప్పుడు ఊపిరి అందడం లేదు. భోజనాలయ్యాయి. చుట్టాలు పలచబడ్డారు. షామియానా కింద ఒక మూల కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా ఆయన దగ్గరికి వెళ్ళింది. నిలబడే మాట్లాడింది.

"ఆ పందెం రోజు మీ అన్నయ్య ఇంటికొచ్చి తుండుగుడ్డ ఉండచుట్టి నా చేతిలో పెట్టాడయ్యా. ఇప్పుడే ఉతికెయ్యి, ఎవరికీ చూపించొద్దు అన్నాడు. దాన్నిండా రక్తం. ఎద్దు ముక్కు తుడిచిన రక్తం. బరిలో పెద్దలు చూస్తే జతని ఆపేస్తారని తుడిచాడు. నేను ఉతికా. ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకున్నా. ఆయన పోయాడు గాబట్టి చెప్తన్నా. నువ్వు చెప్పింది నిజమేనని నాకు ఆ రోజే తెలుసు."

బాబాయి కుర్చీలోంచి లేచి అమ్మని కూర్చోబెట్టాడు.

"నాకూ తెలుసు వదినా" అన్నాడు. "అన్నయ్య తుడుస్తా ఉండటం చూశాకే నేను బరిలోకి వచ్చా. తుడిచినోడు ఆపడుగా. ఇంకెవరు ఆపుతారు?"

అమ్మ తలెత్తి ఆయన వైపు చూసింది. "మరి ఆ రోజు వాకిట్లో ఆ మాట ఎందుకు చెప్పలేదయ్యా?"

ఆయన ఊపిరి కూడగట్టుకుని చెప్పాడు. "చెప్తే నాన్న అన్నయ్య మీదికి లేచేవాడు. అమ్మ ఊరుకోనిచ్చేది కాదు. అరుగు మీద కూచున్నోళ్ళు అసలే ఊరుకోనిచ్చేవాళ్ళు కాదు. అన్నయ్యకి పిల్లలున్నారు. నేను ఒంటిగాణ్ణి. నా మీద పడితే నాలుగు రోజుల్లో చల్లారిపోద్దిలే అనుకున్నా." మళ్ళీ ఊపిరి తీసుకుని, "ఇంతకాలం ఉంటదనుకోలా" అన్నాడు.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అల్లుడు కుర్చీలు ఎత్తించాలని వచ్చి, మమ్మల్ని చూసి వెనక్కి వెళ్ళాడు. నాకు పట్టరాని కోపం వచ్చింది. తాత మీద, నాయనమ్మ మీద, కాఫీలు తాగి వెళ్ళిన ఆ పెద్దమనుషుల మీద, అందరికన్నా ఎక్కువగా సాలు మీద చూపు పెట్టుకుని నడిచిన మా నాన్న మీద. కేక నా గొంతు దాకా వచ్చింది. వాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు. అరుద్దామంటే ఎదురుగా అమ్మ, బాబాయి తప్ప ఎవరూ లేరు.